పహాణీ నుంచి పసపోర్తే దాకా

మూడు తరాల్లో మూడు జిల్లాల పేర్లు రాసుకున్న ఊరు నారాయణఖేడ్. కాగితాల భాష ఆ ఊరికి కొత్త కాదు. రేపు స్పానిష్ దరఖాస్తు చేతికొచ్చినా పాత పహాణీ నేర్పిన పాఠమే పనికొస్తుంది.

నారాయణఖేడ్‌లో ఒకే ఇంట్లో పుట్టిన తాత, తండ్రి, మనవడు ఏదైనా దరఖాస్తు నింపడానికి కూర్చుంటే 'పుట్టిన చోటు' అనే గడి దగ్గర ముగ్గురూ ఆగాల్సిందే. ఊరు అదే, ఇల్లు అదే. కానీ తాత 1956 నవంబర్ 1కి ముందు పుట్టి ఉంటే అప్పటి లెక్కలో ఆయనది హైదరాబాద్ రాష్ట్రం, బీదర్ జిల్లా. రాష్ట్రాల పునర్విభజన చట్టం నారాయణఖేడ్ తాలూకాను బీదర్ నుంచి విడదీసి ఇటు కలిపింది. తండ్రి పుట్టేనాటికి ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, మెదక్ జిల్లాలో ఉంది. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది, 2016 అక్టోబర్ 11న జిల్లా మారింది. ఆ తర్వాత పుట్టిన మనవడిది తెలంగాణ, సంగారెడ్డి. పాత కాగితంలో ఏముందో చూసుకోకుండా తోచింది రాస్తే మొదటి కొర్రీ అక్కడే పడుతుంది.

ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బంధువుల దగ్గర మరాఠీ, పక్కింటివాళ్లతో ఉర్దూ, తండాలో లంబాడీ. ఇన్ని భాషలు మాట్లాడే ఈ సరిహద్దు మనిషి ఆఫీసు కిటికీ ముందు నిలబడగానే మాట పడిపోతుంది. తెలివి తక్కువై కాదు. కాగితానిది మరో భాష. దాన్ని బడిలో ఎవరూ చెప్పరు. అవసరం పడిన రోజున, క్యూలో నిలబడి, డబ్బిచ్చి నేర్చుకోవాలి. ఈ పద్ధతి మారాలన్నదే ఈ కథనం పట్టుదల. కాగితాల మీద తిరిగి తిరిగి వచ్చే మాటలు నా అంచనాలో ఏ భాషలోనైనా వంద లోపే. ఆ వందా ముందుగా నేర్పితే సగం తిరుగుడు తప్పుతుంది.

పహాణీ అంటే ఊరి భూముల లెక్క రాసే రికార్డు. పాత నకలు ఒకటి ముందు పెట్టుకుని చూడండి. అడ్డంగా గడులు. మొదట సర్వే నంబరు. తర్వాత మొత్తం విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో. నలభై గుంటలైతే ఎకరం. ఆ పక్కన పోట్‌ఖరాబ్, అంటే సాగుకు పనికిరాని రాళ్లూ వాగులూ పోయిన భాగం. ఆ తర్వాత భూమి రకం: ఖుష్కీ అయితే మెట్ట, తరి అయితే మాగాణి. ఆపైన శిస్తు, నీటి వనరు. తర్వాత వచ్చే రెండు గడుల మీదే ఈ ప్రాంతంలో ఎన్నో తగాదాలు నడిచాయి. ఒకదాంట్లో పట్టాదారు పేరు, రెండోదాంట్లో అనుభవదారు పేరు. కాగితం మీద భూమి ఎవరిది, దున్నుతున్నది ఎవరు అన్నది ఈ రెండు గడుల్లో తేలుతుంది. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకానికి, అంటే సాదా బైనామాకు, చాలాచోట్ల రెండో గడిలో ఉన్న పేరే ఆసరా. భూమి రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్ 29న మొదలైనప్పుడు ఆ అనుభవదారు గడి కనిపించకుండా పోయింది. అది ఏ గడో, దాన్ని ఏమంటారో తెలిసినవాళ్లు వెంటనే అడిగారు. తెలియనివాళ్లకు పోయిందన్న సంగతే ఆలస్యంగా తెలిసింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది, దాంతోపాటు భూమి గుర్తింపు నంబరుకు భూధార్ అనే కొత్త మాట. నేర్చుకోవాల్సిన జాబితాలో ఇంకొకటి చేరింది.

పహాణీ వెనక ఇంకా పాత రెవెన్యూ రికార్డులు ఉంటాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ, సేత్వార్, ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ. సేత్వార్‌లో ఉన్న సేత్ మరాఠీ చేనే. మిగతావాటిలో చాలా మాటలు నిజాం కాలంలో ఫారసీ, ఉర్దూల నుంచి వచ్చినవి. 1880ల్లో హైదరాబాద్ రాజ్యం ఫారసీని పక్కనబెట్టి ఉర్దూను అధికార భాష చేసినా, దఫ్తరాల్లో ఫారసీ మాటలు అలాగే నిలిచిపోయాయి. ఏడాది కూడా ఫసలీలో ఉంటుంది. 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఖాస్రా పహాణీ ఫసలీ 1364ది. ఈ ఒక్క కూడిక తెలియక, ఇంట్లో ఉన్న నకలు ఏ కాలానిదో చెప్పలేని కుటుంబాలు ఉన్నాయి.

పటేల్ పట్వారీ వ్యవస్థ 1980ల్లో రద్దయ్యేదాకా ఊళ్లో ఈ మాటల తాళంచెవి పట్వారీ దగ్గర ఉండేది. ఆయన చదివి చెప్పిందే వేదం. ఆ తర్వాత మండలాఫీసు, మీసేవ వచ్చాయి. అయినా కిటికీ దగ్గరి సంభాషణ పెద్దగా మారలేదు.

"సారూ, మా నాయిన పేరు మీదున్న భూమి మా పేరు మీదికి చెయ్యాలె."

"విరాసత్‌కు పెట్టుకోవాలె పెద్దాయనా. ఫౌతీ సర్టిఫికెట్ తెచ్చినవా?"

"అదేంది సారూ?"

ఫౌతీ అంటే మరణం, విరాసత్ అంటే వారసత్వం. రెండూ ఆ పెద్దమనిషికి ఎరుకలో ఉన్న సంగతులే. తండ్రిని సాగనంపింది ఆయనే, వారసుడూ ఆయనే. మాట తెలియక మరో రోజు కూలి పోగొట్టుకుని రావాలి. అది చూస్తే మనసు మండుతుంది. తహసీల్ ఆఫీసు గోడ మీద ఈ మాటలూ వాటి అర్థాలూ పెద్దక్షరాల్లో రాయించడానికి ఏం ఖర్చవుతుంది?

ఇదే చదువు గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు మరోసారి చదివారు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, అకామా (నివాస అనుమతి) ఎప్పటిదాకా ఉంది, కఫీల్ (పూచీ ఉన్న యజమాని) ఎవరు, బతాకా (గుర్తింపు కార్డు) వచ్చిందా. ఈ నాలుగు ప్రశ్నల మీద అక్కడి బతుకంతా నడుస్తుంది. కాగితం లేకుండా పట్టుబడితే 'కల్లివెల్లి' అన్న ముద్ర. అరబీ ఒక్క ముక్క రాని తెలంగాణ కూలీ కూడా ఈ మాటలు నెల తిరక్కుండా నేర్చుకున్నాడు, నేర్చుకోక తప్పలేదు. ఇక్కడే నేర్పి పంపి ఉంటే మోసపోయేవాళ్లు తగ్గేవారు.

ఇప్పుడు స్పానిష్. నారాయణఖేడ్‌కూ స్పెయిన్‌కూ ఏం సంబంధమని అడగొచ్చు. దాదాపు ఇరవై దేశాల్లో ప్రభుత్వం నడిచేది ఈ భాషలోనే. అమెరికాలో టెక్సస్, కాలిఫోర్నియా వెళ్లిన మన పిల్లలకు సర్కారు ఫారాల మీద ఇంగ్లిష్ పక్కన కనిపించేదీ ఇదే. హైదరాబాద్‌లో ఇఫ్లూ విశ్వవిద్యాలయం స్పానిష్ నేర్పుతోంది. ఇక తెలుగు నేల మీద ఈ భాష రోజువారీ పనిలో ఉన్న చోటు అనంతపురం. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ)ని స్థాపించారు. స్పెయిన్‌లోని దాతలు అక్కడి పల్లె పిల్లల చదువుకు అండగా నిలిచారు. పిల్లల ఉత్తరాలు తెలుగు నుంచి స్పానిష్‌కు, జవాబులు స్పానిష్ నుంచి తెలుగుకు నడుస్తూ వచ్చాయి. ఆ ఫెర్రర్ జీవితాన్నీ ఒక కాగితమే మలుపు తిప్పింది. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేస్తుండగా 1968లో దేశం విడిచి వెళ్లమని ఆయనకు ఉత్తర్వు వచ్చింది. వేలాది రైతులు ఆయన పక్షాన నడిచారు. 1969లో తిరిగి అనుమతి దొరికాక ఆయన అనంతపురం చేరారు.

పహాణీ మాటలు తెలిసినవాడికి స్పానిష్ దఫ్తరం మరీ పరాయిది కాదు. క్రీస్తుశకం 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ఏదో ఒక భాగాన్ని అరబీ మాట్లాడే పాలకులు ఏలారు. పాలన మాటలు కొన్ని అక్కడే ఉండిపోయాయి. విమానం దిగగానే కనిపించే కస్టమ్స్ బోర్డు మీద 'అదువానా' అని ఉంటుంది. అది దివాన్ నుంచి వచ్చింది, మన దివాణమూ అక్కడిదే. ఊరి మేయర్ 'అల్కాల్దే', ఒకప్పటి అల్ ఖాజీ. ఊరూ పేరూ లేని మనిషిని స్పెయిన్‌వాళ్లు 'ఫులానో' అంటారు. మన దస్తావేజుల్లో 'ఫలానా వారి కుమారుడు ఫలానా' అని రాసే ఫలానాయే అతను.

పలకడం కూడా మనకు సులువే. స్పానిష్‌లో ట, డలు లేవు. మన త, దలే. అచ్చులు ఐదు, పలుకు మారదు. బండి ఱ ఉంది, ఞ ఉంది. కాబట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో కాకుండా తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకోవడమే మంచిది. 'పసపోర్తే' పాస్‌పోర్టు. 'నోంబ్రే' పేరు. 'అపెయీదోస్' ఇంటిపేర్లు. 'ఫేచా దె నసిమియెంతో' పుట్టిన తేదీ. 'లుగార్ దె నసిమియెంతో' పుట్టిన చోటు, అంటే మన తాత, తండ్రి, మనవడు ఆగిన గడి. 'దొమిసీలియో' నివాసం. 'ఎస్తాదో సివిల్' పెళ్లయిందా లేదా అన్నది. కానివాడు 'సొల్తేరో', అయినవాడు 'కసాదో', భర్త పోయిన ఆమె 'వ్యూదా'. 'ఫిర్మా' సంతకం. 'ఉవేయా' వేలిముద్ర. 'సేయో' ముద్ర. స్పెయిన్‌లో స వచ్చేచోట కొన్నిసార్లు థ వినిపిస్తుంది, అంతే తేడా.

చిక్కల్లా ఇంగ్లిష్ వచ్చినవాళ్లకే. నోంబ్రే అనగానే నంబరు అనుకుని పాస్‌పోర్టు నంబరు వేసేస్తారు. నంబరును 'నూమెరో' అంటారు. ఫారం మీద 'దిరెక్సియోన్' దారి కాదు, చిరునామా. ఫిర్మా కంపెనీ కాదు. 'ఫేచా దె ఎక్స్‌పెదిసియోన్' కార్డు ఇచ్చిన తేదీ, 'ఫేచా దె కదూసిదాద్' గడువు తీరే తేదీ. ఈ రెండూ తారుమారైతే చెల్లే కార్డు చెల్లనిదిగా కనిపిస్తుంది. తేదీ మాత్రం మనలాగే రోజు, నెల, సంవత్సరం వరసలో రాస్తారు. అమెరికా ఫారాలు నింపి అలవాటైనవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి.

స్పెయిన్‌లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లినవాళ్ల చేతికి వచ్చే కార్డు ఒకటి ఉంటుంది. పేరు 'తియె', విదేశీయుల గుర్తింపు కార్డు. దాని మీద ఫొటో, ఇంటిపేర్లు, పేరు, లింగం, జాతీయత, పుట్టిన తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఏ రకం అనుమతి. ముఖ్యమైనది 'నియె' అనే నంబరు: ముందు ఎక్స్, వై, జెడ్‌లలో ఒక అక్షరం, మధ్యలో ఏడు అంకెలు, చివర మరో అక్షరం. ఆ చివరి అక్షరం ఊరికే పెట్టింది కాదు. నంబరును 23తో భాగించగా వచ్చే శేషాన్ని బట్టి ఏ అక్షరమో తేలుతుంది. ఒక అంకె తప్పు రాస్తే అక్షరం సరిపోదు, తప్పు బయటపడుతుంది. మన ఆధార్‌లో పన్నెండో అంకె చేసే పనీ అదే. స్పెయిన్ పౌరులకు 'దెనెఈ' అనే కార్డు వేరే ఉంది. దానికి 1944లో డిక్రీ వచ్చింది, 1951లో ఇవ్వడం మొదలుపెట్టారు, ఒకటో నంబరు నియంత ఫ్రాంకోది. మనకు మొదటి ఆధార్ 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలోని తెంభ్లీ అనే ఆదివాసీ పల్లెలో ఒక మహిళకు ఇచ్చారు. ఒక దేశం పాలకుడితో మొదలుపెట్టింది, మరో దేశం పల్లెతో మొదలుపెట్టింది. ఆ తేడా గుర్తుంచుకోదగ్గది.

ఆరు నెలలకు మించి ఉండే వీసాతో దిగినవాళ్లు నెల లోపు తియె కోసం పెట్టుకోవాలి. ఫారం పేరు ఈఎక్స్-17, రుసుము కట్టే కాగితం 790. ముందుగా 'సీతా ప్రేవియా' తీసుకోవాలి, అంటే అపాయింట్‌మెంట్. అవి దొరక్క వలసదారులు పడే అవస్థల గురించి, వాటిని అమ్ముకునే దళారుల గురించి స్పెయిన్ పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరి లాంటి మనిషి అక్కడా ఉన్నాడు. ఆయన్ని 'ఖెస్తోర్' అంటారు, లైసెన్సు ఉన్న పనివాడు. దళారికీ ఖెస్తోర్‌కీ తేడా తెలియాలన్నా మాట తెలియాలి. ఇక ఊళ్లో ఉంటున్నట్టు మునిసిపాలిటీలో నమోదు చేయించుకోవడం 'ఎంపద్రోనమియెంతో'. నోరు తిరగకపోయినా వదలకూడని మాట ఇది. వైద్యం, పిల్లల బడి, అనుమతి పొడిగింపు, అన్నిచోట్లా అడిగే కాగితం అదే.

అన్నిటికన్నా బరువైన చిక్కు పేరుది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ పొడి అక్షరంగా. స్పెయిన్‌లో పేరు ముందు, తర్వాత రెండు ఇంటిపేర్లు: సాధారణంగా మొదటిది తండ్రిది, రెండోది తల్లిది. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. మన దగ్గర తల్లి ఇంటిపేరు పెళ్లితో మారిపోయి, చాలా కాగితాల్లో పుట్టింటి పేరు మిగలనే మిగలదు. ఏళ్లు గడిచి స్పెయిన్ పౌరసత్వం తీసుకునే తెలుగువాడిని అక్కడి రిజిస్ట్రీ తల్లి ఇంటిపేరు అడుగుతుంది. అమ్మ పుట్టింటి పేరు ఏ బడి రికార్డులో ఉందో వెతుక్కోవాలి. నారాయణఖేడ్‌లో ఇది ఇంకా చిక్కు. ఒకరి పేరు చివర పాటిల్, ఒకరికి బాయి, ఒకరికి బేగం. కొందరికి ఇంటిపేరే ఉండదు. ఆధార్‌లో ఒకలా, బడి సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఇంకోలా. వయసు తెలియని పెద్దవాళ్ల పుట్టిన తేదీ జనవరి 1.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో 2022 నవంబర్‌లో ప్రపంచం చూసింది. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ ప్రకటించింది. తర్వాత కొంత సడలించినా, ఎందరో ప్రయాణాలు ఆపుకోవాల్సి వచ్చింది. పాస్‌పోర్టుకు పెట్టుకునే రోజే పొడి అక్షరం విప్పి, ఇంటిపేరును దాని గడిలో, పేరును దాని గడిలో రాయించుకోవడం ఒక్కటే మందు. విదేశం వెళ్లాక దిద్దుకోవడం నరకం.

పేరు పిలిచేటప్పుడు ఇంకో సంగతి. స్పానిష్‌లో హ రాస్తారు కానీ పలకరు. ఇంగ్లిష్ జె అక్షరాన్ని ఖకు దగ్గరగా పలుకుతారు. కాబట్టి ఆఫీసులో హనుమంతును 'అనుమంతు' అనీ, జగదీశ్‌ను 'ఖగదీస్' అనీ పిలుస్తారు. తన పేరు అలా ఉంటుందని తెలియనివాడు కుర్చీలో కూర్చునే ఉంటాడు, వంతు దాటిపోతుంది. వెళ్లేముందు సొంత పేరు స్పానిష్ నోట ఎలా పలుకుతుందో పదిసార్లు వినాలి. పేరును అక్షరం అక్షరంగా చెప్పడం నేర్చుకోవాలి. వి అక్షరం 'ఊవే', హెచ్ 'ఆచే', జె 'ఖోతా', వై 'యే'. అంకెలు కూడా పైకి చదవాలి. కాగితాల చదువులో ఇవి లేకపోతే మిగతావన్నీ ఉన్నా నోరు పెగలదు.

ఇక్కడి సర్టిఫికెట్లు అక్కడ చెల్లాలంటే మూడు మెట్లు. రాష్ట్రంలో ధ్రువీకరణ, విదేశాంగ శాఖ అపోస్తిల్ ముద్ర, ఆపైన స్పానిష్ అనువాదం. అపోస్తిల్ ఒప్పందం 1961 నాటిది, భారత్ 2005లో చేరింది. ఎవరు పడితే వాళ్లు చేసిన అనువాదం చెల్లదు; స్పెయిన్ ప్రభుత్వం గుర్తించిన 'త్రదుక్తోర్ ఖురాదో' చేయాలి. పోలీసు క్లియరెన్సును 'అంతెసెదెంతెస్ పెనాలెస్' అంటారు, జనన ధ్రువపత్రాన్ని 'పార్తీదా దె నసిమియెంతో' అంటారు. పింఛను తీసుకునే పెద్దవాళ్లు బతికే ఉన్నామని చూపించే కాగితం అక్కడ 'ఫే దె వీదా'. ప్రతి నవంబర్‌లో మన పెన్షనర్లు ఇచ్చే జీవన ప్రమాణ పత్రం అదే.

నేర్చుకునే దారి గురించి నా అభిప్రాయం గట్టిది. యాప్‌లో 'పిల్లి పాలు తాగింది' దగ్గర మొదలుపెట్టే చదువు దీనికి పనికిరాదు. వీసా ఫారం, ఈఎక్స్-17 ఖాళీ ప్రతులు తీసుకుని, తన వివరాలతోనే నింపాలి. తప్పులు దిద్దుకుని మళ్లీ కొత్త ప్రతి నింపాలి. చూడకుండా నింపగలిగేదాకా వదలకూడదు. మన సొంత వివరాలతో కలిసి వచ్చిన మాట మరచిపోం. తర్వాత అడిగే మాటలు: ఏది తక్కువైంది, ఎక్కడ సంతకం పెట్టాలి, ఎప్పుడు రావాలి. 'కే మె ఫాల్తా?', 'దోందే ఫిర్మో?', 'క్వాందో వ్వెల్వో?' ఈ మూడు ప్రశ్నలు అడగగలిగినవాడిని ఏ ఆఫీసూ ఉత్తచేతులతో తిప్పి పంపలేదు.

ఈ పనికి మొదటి బడి స్పెయిన్‌లో కాదు, నారాయణఖేడ్ జూనియర్ కాలేజీలోనే పెట్టొచ్చు. ఇంటర్ పిల్లలకు వారానికి ఒక గంట చాలు. మొదటి నెల తాత పహాణీ తెచ్చి గడి గడీ చదవాలి. రెండో నెల తన ఆధార్, బడి సర్టిఫికెట్, అమ్మ పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి పేర్లూ తేదీలూ సరిపోల్చాలి. తేడా ఉన్నచోట దిద్దించే దరఖాస్తు అక్కడికక్కడే రాయాలి. మూడో నెల పాస్‌పోర్టు ఫారం. ఆ తర్వాత ఎవరు ఎటు వెళ్తారో ఆ భాష: దుబాయి వెళ్లేవాడికి అరబీ మాటలు, మాడ్రిడ్ వెళ్లే పిల్లకు స్పానిష్. ఊళ్లోనే ఉండేవాళ్లకు మొదటి మూడు నెలలే సరిపోతాయి. విరాసత్ కోసం వచ్చే ఆ పెద్దమనిషి వెంట మనవరాలు వస్తే, ఫౌతీ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌బుక్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ వరసగా కిటికీలోంచి లోపలికి ఇచ్చి, రసీదు తీసుకుని, నంబరు చూసి బయటికి వస్తుంది.